వెడల్పాటి టైర్లు

“ముందు బ్రేకు అంత గట్టిగా నొక్కకూడదని ఎన్నిసార్లు చెప్పాను?” అన్నాడు మా ఆయన.

అన్నది నాతోనే. చూస్తున్నది మాత్రం నా మోచేతి మీద చీరుకుపోయిన చర్మాన్ని కాదు, సైకిల్ హ్యాండిల్‌ని. అది కొంచెం పక్కకి తిరిగిపోయింది. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, ఒక కన్ను మూసి చూస్తూ హ్యాండిల్ సరిచేశాడు. చక్రం తిప్పి వంకర పోయిందేమో చూశాడు. గొలుసు చూశాడు. బ్రేకు తీగ లాగి చూశాడు. “నయం, ఫ్రేముకేం కాలేదు,” అన్నాడు. నేను కుళాయి కింద మోచెయ్యి పెట్టి ఇసుక కడుక్కుంటున్నాను. మంట నషాళానికి అంటింది.

వంటింట్లోంచి అత్తయ్య, “పడ్డావా? అయ్యో! దెబ్బలేం తగల్లేదు కదా?” అంది. నేను జవాబు చెప్పేలోపే, “ఎసరు మరుగుతోంది, బియ్యం నువ్వు పోస్తావా, నన్ను పొయ్యమంటావా?” అని అడిగింది. తడి చేత్తోనే వెళ్ళి బియ్యం పోశాను.

ఎలా పడ్డానో ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. సన్నగా వాన పడుతోంది. సిగ్నల్ దగ్గర రోడ్డు మీద తెల్ల గీతలుంటాయి కదా, వాటి మీదకి వచ్చేసరికి ముందున్న ఆటో ఆగింది. బ్రేకు వేశాను. అంతే, సైకిల్‌ని నా కింద నుంచి ఎవరో లాగేసినట్టు అయింది. వెనక బస్సు కీచుమని ఆగిన చప్పుడు నేల మీద పడుకుని విన్నాను. నిలబడి ఉంటే ఆ చప్పుడు వేరేగా వినిపిస్తుంది. పడుకుని వింటే అది చెవిలోకి కాదు, పక్కటెముకల్లోకి వస్తుంది. ఎవరో నన్ను లేపి, “చూసుకుని తొక్కాలి తల్లీ,” అన్నారు. చూసుకునే తొక్కాను.

మా ఆయనకి సైకిళ్ళంటే ప్రాణం. సెలవు రోజు తెల్లారకముందే పదిమందితో కలిసి ఊరి బయటికి వెళ్ళి వస్తాడు. వాళ్ళకో గ్రూపుంది. అందులో ఎవరికి ఏ అనుమానం వచ్చినా మా ఆయన్నే అడుగుతారు. ఆయన సైకిళ్ళు హాల్లో గోడకి బొమ్మల్లా వేలాడుతుంటాయి. బురద కొట్టుకొచ్చిన ఆయన బట్టలు నేను చేత్తోనే ఉతకాలి, మెషీన్లో వేస్తే సాగిపోతాయట. పెళ్ళయిన కొత్తలో నా చేతికొచ్చినవి ఆయన పాత చొక్కాలు, ఇల్లు తుడిచే గుడ్డలుగా. ఆ తర్వాత ఆయన పాత సైకిల్ వచ్చింది. పందేల కోసం చేసిన సైకిల్ అది, సన్నగా, ముందుకి ఒంగి తొక్కేది. “భార్యకి సైకిల్ ఇచ్చి ఉద్యోగానికి పంపే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?” అని మా ఆడపడుచు నలుగురిలో అంది. అందరూ నా వైపు చూశారు. నేను నవ్వాను. అలాంటప్పుడు నవ్వకపోతే ఎంత కృతజ్ఞత లేని మనిషో అనుకుంటారు.

ఆ సైకిల్ టైర్లు నా బొటనవేలంత వెడల్పుంటాయి. నున్నగా, గాజుముక్కలా. వారం వారం మా ఆయనే పంపు తెచ్చి రాయిలా అయ్యేదాకా గాలి కొడతాడు. “గాలి తగ్గితే స్పీడు తగ్గుతుంది,” అంటాడు. ఇంటి నుంచి నేను పనిచేసే ల్యాబ్‌కి వెళ్ళేసరికి నా అరచేతులు తిమ్మిరెక్కిపోతాయి. ఒకసారి చెప్పాను. “అలవాటవుతుంది,” అన్నాడు. అలవాటవుతుందనేది మా ఇంట్లో అన్నిటికీ మందు. ఆ మాట మా అమ్మా అంది, అత్తయ్యా అంది, పురిటి నొప్పుల్లో నర్సు కూడా అంది.

నేను పనిచేసేది పళ్ళ సెట్లు తయారుచేసే చోట. డాక్టర్లు పంపిన అచ్చుల మీద మైనం పెట్టి, పళ్ళు ఒక్కొక్కటీ నిలబెట్టి, పైపళ్ళు కిందపళ్ళ మీద సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఎక్కడో ఒక ముసలాయన అన్నం తినలేక ఆ సెట్టుని గ్లాసులో పడేస్తాడు. తిమ్మిరి చేతులతో ఆ పని కుదరదు. ల్యాబ్‌కి వెళ్ళగానే చేతులు ఒకదానికొకటి రుద్దుకుంటూ కాసేపు ఊరికే కూర్చునేదాన్ని. అది చూసి మా ఇన్‌ఛార్జి, “ఏంటమ్మా, పొద్దున్నే ప్రార్థనా? ఇంట్లో పని కాస్త తగ్గించుకోండి, లేకపోతే ఇక్కడి పని మేం తగ్గించాల్సొస్తుంది,” అని నవ్వాడు. జోకే. అయితే అలాంటి జోకులు ఆయన మగవాళ్ళ మీద వెయ్యడు.

ఇన్ని తిప్పలున్నా నేను సైకిల్ మానలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదాన్నో తెలియదు. గేటు దాటాక ల్యాబ్ మెట్లెక్కేదాకా నన్ను ఎవరూ పిలవరు. పొయ్యి మీద ఏదీ మరగదు. ఎవరి చెప్పులూ కనిపించకుండా పోవు. నిన్న ఎవరో అన్న మాటకి ఇవ్వాల్సిన జవాబు ఆ దారిలో నాకు తడుతుంది, ఎవరికీ ఇవ్వను గానీ తడుతుంది. పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు నేను ఎలా నవ్వేదాన్నో ఒకసారి అక్కడే గుర్తొచ్చింది, మలుపు తిరుగుతుండగా. నాది అని చెప్పుకునేందుకు నాకున్నదల్లా ఆ దారే, తిమ్మిరి చేతులతో సహా.

పడ్డ రోజు రాత్రి అన్నాల దగ్గర ఆ దారి గురించి నిర్ణయం జరిగిపోయింది.

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల. వానల్లో ఆడదానికి సైకిలేంటి?” అంది అత్తయ్య.

“రేపట్నుంచి నేనే కార్లో దింపి తీసుకొస్తాను,” అన్నాడు మా ఆయన.

“హమ్మయ్య! నాన్న దింపుతాడుగా, ఇంకేంటమ్మా,” అంది మా పాప. ఎనిమిదో తరగతి చదువుతోంది. నాన్న ఏం చెప్పినా దానికి వేదం. అందరూ ఒక సమస్య తీరినట్టు తినడం మొదలుపెట్టారు. నాకేం కావాలో అనే మాట ఆ టేబుల్ చుట్టూ తిరగనే లేదు. తిరిగినా నేను చెప్పగలిగేదాన్నా అంటే, అదీ అనుమానమే.

కార్లో వెళ్ళడమంటే ఆయన బయల్దేరే వేళకి నేను బయల్దేరాలి. వంట ఆ మేరకు ముందే అవ్వాలి. సాయంత్రం ఆయన వచ్చేదాకా ఎదురుచూడాలి. “ఐదు నిమిషాల్లో ఉంటాను,” అనేవాడు ఫోన్లో. ఆయన ఐదు నిమిషాల్లో నేను ఒక కూర వండి, గిన్నెలు కడిగి, పాప చేత పాఠం అప్పజెప్పించుకోగలను. ల్యాబ్ తలుపులు మూసేవారు. మెట్ల మీద రేకు కింద నిలబడి వాన చూస్తూ ఉండేదాన్ని. నా తోటివాళ్ళు ఒక్కొక్కరే, “ఇంకా రాలేదా మీవారు?” అంటూ గొడుగులు విప్పుకుని వెళ్ళిపోయేవారు. ఆ తర్వాత వీధిలో నేనూ, రేకు మీద చప్పుడూ. చిన్నప్పుడు బడి వదిలాక తీసుకెళ్ళేవాళ్ళు రాక గేటు దగ్గర మిగిలిపోయిన పిల్లలుంటారే, వాళ్ళలో ఒకదాన్నయిపోయాను, ఈ వయసులో.

అలాంటి ఒక సాయంత్రం కారెక్కాను. డోరు వెయ్యగానే ఆయన ఫోన్ మోగింది. బండి నడుపుతున్నాడు కాబట్టి స్పీకర్లో పెట్టాడు. ఒక ఆడగొంతు, భయపడుతున్నట్టుంది.

“నమస్తే సర్. గ్రూపులో మీ నంబర్ ఇచ్చారు. నేను సైకిల్ మీద ఆఫీసుకి వెళ్తానండీ. వానలు మొదలయ్యాక టైర్లు జారిపోతున్నాయి. మొన్న పడ్డాను కూడా.”

“అయ్యో! దెబ్బలేమన్నా తగిలాయా మేడమ్?” అన్నాడు మా ఆయన.

“మోకాలు కొట్టుకుపోయిందండీ, అంతే.”

“డాక్టర్‌కి చూపించారా? చూపించండి, అశ్రద్ధ చెయ్యకండి. సరే, ముందు మీ దారి ఎలా ఉంటుందో చెప్పండి. గుంతలెక్కువా? ఎత్తుపల్లాలున్నాయా?” ఆవిడ చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. మధ్యలో అడ్డు రాలేదు. “తొక్కాక అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయా?”

“అవును సర్! మీకెలా తెలుసు?”

ఆయన నవ్వాడు. ఆ నవ్వు విని చాలా కాలమైంది. “అందరూ చేసే తప్పే మేడమ్. గాలి మరీ గట్టిగా కొట్టించేస్తారు. టైరు రాయిలా ఉంటే తడి రోడ్డుకి పట్టు ఉండదు, దార్లో ఉన్న ప్రతి గులకరాయీ మీ మణికట్టుకి తగుల్తుంది. వెడల్పాటి టైర్లు వేయించుకోండి, మెత్తటి రబ్బరువి. మీద గీతలెంత లోతుగా ఉన్నాయన్నది అంత ముఖ్యం కాదు, రబ్బరు మెత్తగా ఉందా లేదా చూసుకోండి. గాలి కాస్త తగ్గించి కొట్టించండి. తెల్ల గీతల మీదా, మ్యాన్‌హోల్ ఇనుప మూతల మీదా బ్రేకు వెయ్యకండి. స్పీడు కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి. మనం వెళ్ళేది ఆఫీసుకి, పందేనికి కాదు కదా. మీకు హాయిగా ఉండాలి, అది ముఖ్యం. ఇంకో మాట, పడ్డందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. తప్పు మీది కాదు, టైరుది.”

“థాంక్యూ సర్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు,” అందావిడ. ఆమె గొంతులో భయం పోయింది.

ఫోన్ పెట్టేశాక ఆయన కారు మలుపు తిప్పాడు. తర్వాత, “పాపం, ఒక్కతే తిప్పలు పడుతున్నట్టుంది. ఇంట్లో చెప్పేవాళ్ళు లేరేమో,” అన్నాడు.

అద్దం మీద వాన చుక్కలు ఒకదాన్నొకటి కలుపుకుని కిందికి జారుతున్నాయి. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. ఆయనకి అన్నీ తెలుసు. అరచేతుల తిమ్మిరీ తెలుసు, తెల్ల గీతలూ తెలుసు, గాలి ఎక్కువ కొడితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆయనేం చెడ్డ మనిషి కాదు. ఆ దయ నటన కాదని మాట వింటుంటేనే తెలుస్తోంది. ఆయన చెడ్డవాడయినా బాగుండేదేమో, నాకు లెక్క తేలేది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. అందులో తప్పు చెట్టుదో రోగిదో ఆ సామెత చేసినవాళ్ళు చెప్పలేదు.

చాలాసేపటికి, “నాకూ అలాంటి టైర్లు వేయించచ్చు కదండీ?” అన్నాను.

“నీకిప్పుడెందుకు? కారుంది కదా,” అన్నాడు గేరు మారుస్తూ.

ఆ వారంలోనే ఆయన ఆఫీసు పని మీద పొద్దున్నే ఊరు దాటి వెళ్ళాల్సొచ్చింది. నన్ను ఆటోలో వెళ్ళమన్నాడు. నేను ల్యాబ్‌కి ఫోన్ చేసి సెలవడిగాను.

“ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాగాలేదా?” అన్నాడు ఇన్‌ఛార్జి.

“అందరూ బాగానే ఉన్నారండీ. నేను టైర్లు కొనుక్కోవాలి.”

“టైర్లా?” అన్నాడు. అబద్ధం చెప్పుంటే వెంటనే ఇచ్చేవాడు. నిజం చెప్పాను కాబట్టి నసిగి నసిగి ఇచ్చాడు.

మా ఆయన్ని ఎరిగిన కొట్లకి వెళ్ళలేదు. ఊరికి ఆ చివర, ఎప్పుడూ వెళ్ళని వీధిలో ఒక సైకిళ్ళ కొట్టు చూసుకుని వెళ్ళాను. తెల్ల గీతలు వచ్చిన ప్రతిచోటా సైకిల్ దిగి నడిచాను. కొట్టాయన భారీ మనిషి, స్టూలు కనిపించకుండా దాని మీద కూర్చుని ఉన్నాడు.

“ఎవరికండీ?” అన్నాడు.

“నాకే.”

“అంటే, తొక్కేదెవరు?”

“నేనే.”

“మీవారిని కూడా తీసుకొస్తే బాగుండేది. తర్వాత అది కాదు ఇది కాదంటారు.”

“మా ఆయన చెప్పినవే అడుగుతున్నానండీ. వానలో జారకూడదు, చేతులు తిమ్మిరెక్కకూడదు,” అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

ఆయన మూడు రకాలు తెచ్చి బల్ల మీద పడేశాడు. ఒకటి మొసలి వీపులా బొడిపెలతో ఉంది. “పట్టంటే ఇది,” అన్నాడు. బురద దార్లకి బాగుంటుందేమో, నేను పోయేది తారు రోడ్డు మీద. రెండోది మందంగా, మేకు దిగినా పంచరవదట. బొటనవేలితో నొక్కాను. అస్సలు లొంగలేదు. మూడోది వెడల్పుగా ఉంది, మీద సన్న గీతలు. నొక్కితే లోపలికి పోయి, వేలు తీయగానే మెల్లగా పైకొచ్చింది. చిగుళ్ళు అరిగిపోయినవాళ్ళకి సెట్టు లోపల ఒక మెత్తటి పొర వేస్తాం. దాన్ని చేత్తో నొక్కి చూసినప్పుడు ఇలాగే ఉంటుంది. మళ్ళీ నొక్కాను.

“ఏంటండీ, పండు పండిందో లేదో చూస్తున్నారా?” అని నవ్వాడు కొట్టాయన.

“ఇవి,” అన్నాను.

అంత గట్టిగా ‘ఇవి’ అని నేను ఈ మధ్య దేన్నీ అనలేదు. చీరలు అత్తయ్యకి నచ్చాలి, కర్టెన్లు మా ఆయనకి, సబ్బు పాప చర్మానికి పడాలి. కొనేది నేనే గానీ ఎంచుకోవడం నా పని కాదు.

కొట్టాయన నా సైకిల్ దగ్గరికి వెళ్ళి, ముందు చక్రానికీ దాన్ని పట్టుకునే ఫోర్కుకీ మధ్య వేలు పెట్టబోయాడు. వేలు దూరలేదు. లేచి చేతులు దులుపుకున్నాడు.

“దీనికి పట్టవండీ. సందు లేదు.”

“కాస్త సర్దితే?”

“సర్దడానికేముందండీ? ఈ సైకిలే సన్నటి టైర్ల కోసం పుట్టింది. ఇంతకన్నా ఒక్క పిసరు వెడల్పయినా రాసుకుంటుంది. మడ్‌గార్డ్ కూడా పట్టదు. ఇది మీ కోసం కొన్నది కాదేమో?”

“మా ఆయనది,” అన్నాను.

ఇన్నాళ్ళూ టైర్లు మార్పించుకోవాలని అనుకుంటున్నాను. ధైర్యం చేసి అడిగితే, పోట్లాడితే, ఎప్పుడో ఒకప్పుడు మార్పించుకోవచ్చని. అసలు దానికి చోటే లేదట. ఏం చెయ్యాలో తోచక ఆ టైరు పట్టుకుని అలాగే నిలబడ్డాను. తిరిగి బల్ల మీద పెట్టేస్తానని ఆయన అనుకున్నట్టున్నాడు, చెయ్యి చాచాడు.

“ఇవి పట్టే సైకిల్ ఉందా మీ దగ్గర?” అన్నాను.

వెనక గదిలో ఎవరో వాడి అమ్మిన సైకిల్ ఒకటుంది. రంగు అక్కడక్కడా లేచిపోయింది. నిటారుగా కూర్చుని తొక్కేది, మడ్‌గార్డులున్నాయి. ఆయన దానికి ఆ టైర్లెక్కించి, గాలి కొట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆపించి నొక్కి చూశాను. “ఇంక చాలు,” అన్నాను.

తుంపరలోనే సైకిల్‌ని ఆ వీధిలోకి తీశాను. వీధి చివర బడి ఉంది, దాని ముందు పిల్లలు దాటే తెల్ల గీతలు. ఆ గీతల మీద బ్రేకు వెయ్యకూడదని తెలుసు. అయినా మెల్లగా వేశాను, కాళ్ళు నేలకి ఆనించడానికి సిద్ధంగా పెట్టుకుని. సైకిల్ ఆగింది. జారలేదు. వెనక్కి తిరిగి మళ్ళీ వచ్చాను, మళ్ళీ వేశాను. కిటికీలోంచి బడి పిల్లలు నన్ను చూసి నవ్వుకుంటున్నారు. చేతులు విప్పి చూసుకున్నాను, వేళ్ళ చివర్లదాకా నావే.

ఎవరికైనా చెప్పాలనిపించింది. ఒక చెట్టు కింద ఆగి ఫోన్ తీశాను. గ్యాసు, పాలు, పాప స్కూలు, అత్తయ్య డాక్టరు, ఇన్‌ఛార్జి. కిందికి జరుపుతూ పోయాను. మా అక్క పేరు దగ్గర ఆగాను. చెబితే మొట్టమొదట, “మరి మీ ఆయనేమన్నారు?” అంటుంది. ఇంకా కిందికి జరిపాను. పేర్లయిపోయాయి. నా ఫోన్లో ఇంటికి పనికొచ్చేవాళ్ళందరూ ఉన్నారు. ఫోన్ సంచిలో పెట్టి కొట్టుకి తిరిగొచ్చాను. డబ్బు నా జీతంలోంచి ఇచ్చాను. మా ఆయన సైకిల్ని ఆటోలో వేయించి ఇంటికి పంపాను. ఆటో వెనకే నెమ్మదిగా తొక్కుకుంటూ వచ్చాను.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి కొత్తది వరండాలో ఉంది. పాతది ఆయన సైకిళ్ళ పక్కన, తుడిచి పెట్టాను. చెప్పులు కూడా విప్పకుండా కొత్త సైకిల్ ముందు గొంతుక్కూర్చున్నాడు. టైరు నొక్కాడు. చక్రం తిప్పాడు.

“ఇదెవరిది?”

“నాదండీ.”

“చెప్పకుండా కొనేసిందిరా,” అంది అత్తయ్య లోపల్నుంచి. “పొద్దున్ననగా పోయి అన్నం వేళకి వచ్చింది.”

“బరువెక్కువ. నిటారుగా కూర్చుంటే ఎదురుగాలి కొడుతుంది. లేటవుతుంది ఇంటికి రావడానికి,” అన్నాడాయన.

“అవుతుంది,” అన్నాను.

లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో కోపం కంటే నొచ్చుకోవడం ఎక్కువగా ఉంది. “టైర్ల గురించి ఊరందరూ నన్నడుగుతారు. ఇంట్లో ఉన్న నువ్వు నన్నొక్క మాట అడగలేదు. అడిగుంటే చెప్పేవాణ్ణి కదా?”

“అడిగానండీ, కార్లో. కారుంది కదా అన్నారు. అంతకు ముందే ఫోన్లో ఒకావిడకి చెప్పారు కదా, వెడల్పుండాలి, మెత్తగా ఉండాలి, గాలి తక్కువుండాలి అని. అవే కొనుక్కున్నాను.”

ఆయన గుర్తు తెచ్చుకున్నాడు. గుర్తొచ్చింది. మొహం తేలికపడింది, ఇదా సంగతి అన్నట్టు.

“ఆవిడ సంగతి వేరు. ఆవిడ రోజూ వానలో సైకిల్ తొక్కుకుంటూ ఉద్యోగానికి వెళ్ళాలి,” అన్నాడు.

తనన్న మాట తనకి వినపడిందేమోనని ఆయన మొహంలోకి చూశాను. ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. తువ్వాలు ఎక్కడుందని పాపనడుగుతూ లోపలికి వెళ్ళాడు. ఇన్నేళ్ళుగా గేటు తీసుకుని వెళ్ళి, తడిసి, తిరిగొచ్చి ఎసరు పెట్టిన మనిషిని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. నేను చెప్పలేక కాదు, అరవలేక కాదు. నేనక్కడ లేను. లేని మనిషి ఏం చెప్తే మాత్రం ఎలా వినబడుతుంది? ఇది తెలిశాక ఏడుపొస్తుందనుకున్నాను. దానికి బదులు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాక గదుల్లో మాట తిరిగి వినబడుతుంది చూడండి, లోపల అలా ఉంది. నేనక్కడ లేనప్పుడు, ఇక ఎవరి అనుమతి కోసం ఆగాలి?

వాన మళ్ళీ అందుకుంది. హుక్కుకి ఉన్న రెయిన్‌కోటు తీసి తొడుక్కున్నాను. సైకిల్ స్టాండు తీసి మెట్ల దాకా తోసుకొచ్చాను. ఆ చప్పుడికి అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. ఆమె వెనక పాప.

“పొయ్యి మీద ఏం పెట్టలేదు కదే. ఈ వానలో ఇప్పుడు బయట నీకేం పని?” అంది అత్తయ్య.

ఒక పని పేరు చెబితే సరిపోతుంది. పాలు, మందులు, పాపకి పెన్సిళ్ళు. నోటి చివరిదాకా వచ్చాయన్నీ, అలవాటు కొద్దీ.

“ఏ పనీ లేదత్తయ్యా,” అన్నాను. “ఊరికే వెళ్తున్నాను.”